మలావీలో అమ్మమ్మల ఊరు

2025 వేసవి సెలవులకి మలావీ వెళ్తున్నామని చెప్తే ఇక్కడి తెలుగు మిత్రుల్లో సగం మంది, "ఓ, మాల్దీవులా! బాగా ఎంజాయ్ చెయ్యండి" అన్నారు. మాల్దీవులు కాదండీ, మలావీ. ఆఫ్రికాలో టాంజానియా, జాంబియా, మొజాంబిక్‌ల మధ్య పొట్లకాయలా సన్నగా, పొడుగ్గా ఒదిగిన దేశం. సముద్రం లేదు కానీ సముద్రాన్ని తలపించే సరస్సు ఉంది. 1964 జూలై 6న బ్రిటిష్ వాళ్ళ నుంచి స్వాతంత్ర్యం వచ్చేదాకా దీని పేరు న్యాసాలాండ్. ప్రపంచంలోని అతి పేద దేశాల్లో ఒకటి. 2006లో పాప్ గాయని మడోన్నా ఇక్కడి పసివాణ్ణి దత్తత తీసుకోవడానికి వెళ్ళినప్పుడు పేపర్లలో కొన్నాళ్ళు ఈ పేరు నలిగింది. చాలామందికి అంతవరకే గుర్తు.

మేం వెళ్ళడానికి కారణం ఒక స్నేహితురాలు. ఇంగ్లండ్‌లో నేను పని చేసే ఆసుపత్రిలో నాది కింద ఫార్మసీ, ఆవిడది పైన వార్డు. మలావీలో నర్సు చదువు చదివి 2003లో ఈ దేశానికొచ్చింది. మా ఇంట్లో ఉగాది పచ్చడి మొహం చిట్లించకుండా తిన్న ఏకైక విదేశీయురాలు. "మీ పిల్లలకి రాజమండ్రి చూపించావు, గోదావరి చూపించావు. మా అమ్మ ఊరికి ఎప్పుడొస్తారు?" అని పదేళ్ళుగా అడుగుతూనే ఉంది. ఈసారి ఆవిడ సెలవూ, మా సెలవులూ కలిశాయి. నేనూ, మావారూ, పదిహేనేళ్ళ మా అమ్మాయీ, పదేళ్ళ మా అబ్బాయీ, ఆవిడా కలిసి అడిస్ అబాబా మీదుగా రాజధాని లిలాంగ్వేలో దిగాం.

దిగగానే మా వాడికి నచ్చిన విషయం అక్కడి డబ్బు పేరు. క్వాచా. చిచేవా భాషలో ఆ మాటకి అర్థం 'తెల్లవారింది' అని. స్వాతంత్ర్య పోరాట కాలంలో అది నినాదం. డబ్బుకి తెల్లవారుజాము అని పేరు పెట్టుకున్న దేశం ఇంకోటుంటే, పక్కనున్న జాంబియా ఒక్కటే.

జూలై అక్కడ చలికాలం. స్వెట్టర్లు వేసుకుని, అద్దె వ్యానులో దక్షిణానికి బయల్దేరాం. పెట్రోలుకి ఆ రోజుల్లో దేశమంతా కటకట, బంకుల దగ్గర కిలోమీటరు పొడుగు లైన్లు. మా డ్రైవరు ఎక్కడో సంపాదించిన రెండు డబ్బాల పెట్రోలు వెనక సీటు కింద పెట్టుకుని ధీమాగా ఉన్నాడు కానీ, ఆ వాసనకి మాకే ధీమా లేదు. డెడ్జా ఊరు దాటాక రోడ్డు మొజాంబిక్ సరిహద్దుని ఒరుసుకుంటూ పోతుంది. కుడివైపు ఇళ్ళు ఒక దేశం, ఎడమవైపు ఇళ్ళు ఇంకో దేశం! మధ్యలో కంచె లేదు, కోళ్ళు రెండు దేశాల్లోనూ మేస్తున్నాయి. రోడ్డు పక్క కుర్రాళ్ళు బంగాళదుంపలు బకెట్లలో గోపురంలా పేర్చి అమ్ముతున్నారు. ఇంకొందరు పుల్లలకి గుచ్చిన కాల్చిన ఎలుకలు పట్టుకుని వ్యాను వెంట పరిగెత్తారు. పొలాల్లో పట్టిన ఎలుకలవి, అక్కడ ఇష్టంగా తింటారు. మా వాడు ఫోటో తీసుకున్నాడు, వాళ్ళ క్లాసులో చూపించడానికట.

సరస్సు దగ్గర రెండు రోజులున్నాం. దాని గురించి రాస్తే వేరే వ్యాసమవుతుంది. పొడుగు సుమారు 580 కిలోమీటర్లు, అంటే దాదాపు హైదరాబాద్ నుంచి విశాఖపట్నం అంత దూరం! నీలం, పసుపు రంగుల చిన్న చిన్న చేపలు గాజుపలకలాంటి నీళ్ళలో ఈదుతూ కనిపిస్తాయి. కేప్ మెక్లియర్ చుట్టుపక్కల ప్రాంతాన్ని యునెస్కో 1984లోనే ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ నీళ్ళలో బిల్హార్జియా అనే పురుగు ఉంటుంది కనక, ఈత కొట్టినవాళ్ళు తర్వాత ఒక మందు వేసుకోవాలి. ఫార్మసిస్టు ఇంట్లో ఉంటే ఇలాంటి ఆనందాలన్నిటి వెనకా ఒక మాత్ర ఉంటుందని మా అమ్మాయి ఫిర్యాదు.

అక్కడినుంచి లివోండే దగ్గర షీరే నది వంతెన దాటి (వంతెన మీంచి నీటిగుర్రాల వీపులు కనబడ్డాయి), పాత రాజధాని జోంబా మీదుగా చిరాడ్జులు జిల్లాలోకి ప్రవేశించాం. ఆవిడ సొంత జిల్లా అదే. 1915లో బ్రిటిష్ తోటల యజమానుల మీద తిరగబడిన జాన్ చిలెంబ్వే పాదిరీగారిది కూడా ఈ జిల్లాయే. ఆయన బొమ్మ క్వాచా నోట్ల మీద ఉంటుంది. మన అల్లూరి సీతారామరాజులాంటివాడని పిల్లలకి చెప్పాను.

చెట్లున్న చోటల్లా

ఆ దారిలోనే మా అమ్మాయి ఒక మాట అడిగింది. కొండలు బోడిగా ఉన్నాయి, మొక్కజొన్న కోసేసిన పొలాలు బోడిగా ఉన్నాయి, వంటచెరుకు కోసం చెట్లన్నీ కొట్టేసినట్టున్నారు. కానీ ప్రతి ఊరి దగ్గరా ఒక్కచోట మాత్రం పెద్ద పెద్ద చెట్లు గుంపుగా, చిన్న అడవిలా ఎందుకున్నాయి? గుళ్ళా?

మా స్నేహితురాలు వెనక్కి తిరగకుండానే చెప్పింది. "శ్మశానాలు. అక్కడ చెట్టు కొట్టకూడదు." కాస్సేపాగి, "మా ఊళ్ళో ఆ తోపు నా చిన్నప్పుడు ఇంత ఉండేది కాదు" అంది.

2000 సంవత్సరం ప్రాంతంలో ఈ దేశంలో సగటు ఆయుర్దాయం నలభై అయిదేళ్ళ చుట్టుపక్కలకి పడిపోయింది. మొదటి ఎయిడ్స్ కేసు 1985లో బయటపడింది. తొంభైల చివరికొచ్చేసరికి పెద్దవాళ్ళలో ఇంచుమించు ప్రతి ఏడుగురిలో ఒకరికి హెచ్.ఐ.వి. ఉందని అంచనా. 1964 నుంచి 1994 దాకా దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న హేస్టింగ్స్ బండా పాలనలో ఆడవాళ్ళు ప్యాంటు వేసుకోవడమే నేరం, మగవాళ్ళు జుట్టు పెంచడం తప్పు. అలాంటి చోట ఈ జబ్బు గురించి నోరు విప్పి మాట్లాడేదెవరు? జనం మాత్రం 'ఎడ్జి' అని గుసగుసగా చెప్పుకునేవారు. ఎయిడ్స్‌కి వాళ్ళ భాషలో వచ్చిన రూపం అది. మన తూర్పు గోదావరిలోనూ ఆ రోజుల్లో 'ఆ జబ్బు' అనేవారు తప్ప పేరు పలికేవారు కారు. ఎవరైనా చిక్కిపోతే పెళ్ళిళ్ళలో వాళ్ళ వెనకాల జరిగే గుసగుసలు నాకు బాగా గుర్తు.

ఆ సంవత్సరాల్లో పట్నాల రోడ్ల వెంట బాగా పుంజుకున్న వ్యాపారం శవపేటికలది. మంచాలూ, తలుపులూ చేసే వడ్రంగులు అవి మానేసి పెట్టెలు చెయ్యడం మొదలెట్టారు. పెద్ద పెట్టెల పక్కనే చిన్నవీ. బడుల్లో టీచర్లు, ఆసుపత్రుల్లో నర్సులు, పొలాల్లో పనివాళ్ళు, అంతా పాతిక నుంచి నలభై అయిదేళ్ళ మధ్యవాళ్ళే పోయారు. ఏ జబ్బైనా ముసలివాళ్ళనీ పసివాళ్ళనీ ముందు పట్టుకుంటుంది. ఇది మధ్యలోవాళ్ళని పట్టుకుపోయింది. ఇంటికి దూలం లాగేసి గోడలూ కప్పూ మిగిల్చినట్టు. 2002లో కరువొచ్చినప్పుడు తిండిగింజలు లేకపోవడం ఎంత కారణమో, నాట్లు వెయ్యడానికి బలమైన చేతులు లేకపోవడమూ అంతే కారణమని కొందరు పరిశోధకులు రాశారు.

పిల్లలూ, ఈ జబ్బు గురించి మీకు నాలుగు ముక్కలు చెప్పాలి. హెచ్.ఐ.వి. అన్నది వైరస్ పేరు. మన ఒంట్లో జబ్బుల్తో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలని అది మెల్లగా నాశనం చేస్తుంది. మందు లేకపోతే కొన్నేళ్ళకి టి.బి., న్యుమోనియాలాంటివి ఆ మనిషిని సులువుగా లొంగదీసుకుంటాయి. ఆ దశ పేరు ఎయిడ్స్. వైరస్ వచ్చే దారులు మూడే: రక్తం ద్వారా, శారీరక సంబంధం ద్వారా, తల్లి నుంచి బిడ్డకి. కలిసి భోంచేస్తే రాదు, కౌగిలించుకుంటే రాదు, దోమ కుట్టినా రాదు. రోజూ మందు వేసుకుంటూ, రక్తపరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గిపోయినవాళ్ళ నుంచి శారీరక సంబంధం ద్వారా కూడా ఇతరులకి అంటదు. ఇవన్నీ బయల్దేరే ముందే మా డైనింగ్ టేబుల్ దగ్గర చెప్పేశాను. మా వాడు సిగ్గుపడ్డాడు, మావారు ఇంకా ఎక్కువ సిగ్గుపడి కాఫీ కలపడానికి లేచి వెళ్ళారు. సిగ్గుపడినా సరే, చెప్పండి. మనం చెప్పకపోతే వాళ్ళు ఎక్కడ తెలుసుకుంటారో మనకి తెలీదు.

అమ్మమ్మ ఇల్లు

ఊళ్ళోకి వెళ్ళేసరికి 'చిపెరోని' పట్టుకుంది. మొజాంబిక్ వైపు అదే పేరున్న కొండ మీంచి వచ్చే చలి ముసురు అది. వాన కాదు, మంచు కాదు, రోజంతా ఒళ్ళు తడుపుతూనే ఉంటుంది. ఆ ముసుర్లోనే ఇంటిముందు చాప మీద కూర్చుని ఉంది ఆవిడ తల్లి. అక్కడ ముసలివాళ్ళందరినీ 'అగోగో' అంటారు. అమ్మమ్మయినా, తాతయ్యయినా అదే మాట. ఎనభై దాటాయి. మా స్నేహితురాలు, ఇంగ్లండ్‌లో వార్డు మొత్తాన్ని గడగడలాడించే మనిషి, తడి నేలమీద మోకాళ్ళమీద కూర్చుని, తలవంచి, "ములి బ్వాంజి" అని తల్లిని పలకరించింది. అంటే 'ఎలా ఉన్నారు' అని. పెద్దవాళ్ళని మనలాగే బహువచనంలో పిలుస్తారు. మా పిల్లలు నేను చెప్పకుండానే కాళ్ళకి దణ్ణం పెట్టేశారు. అగోగోకి అదేమిటో అర్థం కాక, వాళ్ళ కాళ్ళకేదో అయిందనుకుని కంగారుగా చూసింది. తర్వాత అర్థమై నవ్వితే ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు.

దక్షిణ మలావీలో మనం వింటే ఆశ్చర్యపోయే ఆచారం ఒకటుంది. పెళ్ళయ్యాక మగవాడే భార్య ఊరికి వస్తాడు. ఊరంతా ఇల్లరికమే అన్నమాట! పొలం తల్లి నుంచి కూతురికి వస్తుంది. పిల్లలు తల్లి వంశానికి చెందుతారు, వాళ్ళ మంచిచెడ్డలు చూడాల్సిన పెద్దమనిషి తండ్రి కాదు, మేనమామ. మేనమామని 'మలూమే' అంటారు. పెళ్ళి మాటలు, తగాదాలు, చదువులు అన్నిట్లో ఆయన మాటే చెల్లుతుంది. మేనమామ అనగానే మావారు కాలరెగరేశారు. ఆయనకి ముగ్గురు మేనకోడళ్ళు.

ఈ ఆచారం వల్లే, అమ్మానాన్నలు పోయిన పిల్లలు అమ్మమ్మ ఇంట్లోనే ఉండిపోయారు. అంతకుముందూ వాళ్ళుండేది ఆ వాకిట్లోనే కాబట్టి కొత్తగా ఎక్కడికీ వెళ్ళే పని లేదు. ఈ ఇంట్లో పెద్దకూతురూ, ఆవిడ భర్తా 2002లో కొద్ది నెలల తేడాలో పోయారు. మలూమే, అంటే అగోగో ఒక్కగానొక్క కొడుకు, మరుసటి ఏడాది పోయాడు. పెద్దకూతురు పిల్లలు నలుగురు. అప్పటికి పెద్దవాడికి పదకొండు, చిన్నదానికి రెండేళ్ళు. అరవై దాటిన అగోగో మళ్ళీ పసిపిల్లని వీపున గుడ్డతో కట్టుకుని మొక్కజొన్న తవ్వింది. ఆ గుడ్డని 'చితెంజే' అంటారు. నడుముకి కట్టుకుంటే చీర, వీపున కడితే ఉయ్యాల, తలమీద చుడితే చుట్టకుదురు. ఆ చుట్టుపక్కల ఇలాంటి అమ్మమ్మలు ఎంతమంది అని అడిగితే, అగోగో చెయ్యి చాచి ఒక్కొక్క ఇంటినీ చూపించింది. వేలు పెట్టని ఇల్లు రెండో మూడో. ఎయిడ్స్ వల్ల అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న పిల్లలు ఆ దశాబ్దంలో దేశం మొత్తం మీద అయిదు లక్షల దాకా ఉన్నారు.

"అదే ఏడు నేను విమానం ఎక్కాను" అంది మా స్నేహితురాలు. ఆవిడ పంపిన పౌన్లతోనే ఆ నలుగురూ చదువుకున్నారు. కానీ ఆవిడలాంటి నర్సులు వందలకొద్దీ వెళ్ళిపోవడంతో ఇక్కడి వార్డుల్లో చూసేవాళ్ళు లేకుండా పోయారు. 2004 ప్రాంతంలో మలావీలో లక్ష జనాభాకి ఇద్దరే డాక్టర్లు. చివరికి బ్రిటన్‌లాంటి దేశాల సాయంతోనే నర్సుల, డాక్టర్ల జీతాలు 52 శాతం పెంచి, ఉన్నవాళ్ళని ఆపే ప్రయత్నం చేశారు. ఈ చేత్తో తీసుకుని ఆ చేత్తో ఇచ్చినట్టు. ఇందులో తప్పెవరిదో తేల్చడం నా వల్ల కాదు. ఈ పత్రిక చదివే మనందరం ఏదో ఒక విమానం ఎక్కి వచ్చినవాళ్ళమే.

భోజనాలకి మొక్కజొన్న పిండితో 'న్సీమా', అచ్చం మన సంకటి ముద్దే. వేరుశనగ పొడి వేసి వండిన గుమ్మడాకు కూర. మన నెత్తళ్ళలాంటి ఎండు చేపలు. అన్నిటికన్నా ముందు ఒకమ్మాయి చెంబుతో అందరి చేతుల మీదా నీళ్ళు పోసింది. చేత్తోనే తినాలి. స్కూల్లో ఫోర్కు పట్టుకుని మొద్దుబారిన మా వాడు మూడు ముద్దలు మింగేశాడు.

సీసా మీది ఊరు

రాత్రి లాంతరు దగ్గర అగోగో చిన్నకూతురు గూట్లోంచి తెల్లటి ప్లాస్టిక్ సీసా తీసి ఒక మాత్ర వేసుకుంది. మా పిల్లలు చూస్తారని దాచుకోలేదు. తనే సీసా నా చేతికిచ్చి, "నువ్వు మందులమ్మాయివి కదా, ఇది మంచిదేనా?" అంది. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిపిన మాత్ర. సీసాకి తొంభై. సీసా తిప్పి కిందనున్న చిన్న అక్షరాలు చదివితే హైదరాబాద్ అని ఉంది.

నాకు వృత్తిరీత్యా ఈ సంగతి తెలుసు. తెలిసినా, గొడ్డలికి పిడి తప్ప ఇనుము పెద్దగా కనబడని ఆ ఇంట్లో ఆ పేరు చదివేసరికి గొంతు పట్టేసింది. 2000లో ఈ మూడు మందుల చికిత్సకి మనిషికి ఏడాదికి పదివేల డాలర్ల పైనే అయ్యేది. 2001 ఫిబ్రవరిలో ముంబై సిప్లా కంపెనీ అధిపతి యూసఫ్ హమీద్, అంతర్జాతీయ వైద్యుల సంస్థ ఎం.ఎస్.ఎఫ్.కి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానని ప్రకటించారు. అదే ఏడాది ఎం.ఎస్.ఎఫ్. వాళ్ళు ఇదే చిరాడ్జులు జిల్లాలో చికిత్స మొదలెట్టారు. తర్వాత మన హైదరాబాద్ కంపెనీలు అరబిందో, హెటెరో, మాట్రిక్స్‌లాంటివి రంగంలోకి దిగాయి. విశాఖ దగ్గర పరవాడలో లారస్ లాబ్స్ ఈ మందులకి ముడిసరుకు తయారు చేస్తుంది. 2023కి ఏడాది ఖర్చు 45 డాలర్ల లోపుకి దిగింది. మన మందుల ఫ్యాక్టరీల చుట్టుపక్కల చెరువులకీ బావులకీ ఏమయిందో పటాన్‌చెరు వైపు చుట్టాలున్నవాళ్ళకి తెలుసు. అది కూడా నిజమే, చెప్పకుండా దాటెయ్యకూడదు.

2004 ఫిబ్రవరిలో అప్పటి అధ్యక్షుడు బకిలి ములూజీ తన సొంత సోదరుడు ఎయిడ్స్‌తోనే పోయాడని బహిరంగంగా చెప్పారు. ఆ మాట చాలా ఇళ్ళలో నోళ్ళు తెరిపించిందట. ఆ ఏడాదే ప్రభుత్వం మందులు ఉచితంగా ఇవ్వడం మొదలెట్టింది. మన దేశంలో ఉచిత మందులు మొదలైందీ అదే ఏడాది, ఏప్రిల్ 1న. చిన్నకూతురు అప్పటికి ముప్పై అయిదు కిలోలుంది. మొక్కజొన్న బస్తా మోసే సైకిల్ వెనక కట్టి ఆవిణ్ణి క్లినిక్కుకి తీసుకెళ్ళారు. మొదట్లో వాడిన మందుకి అరికాళ్ళు మండిపోయేవి, బుగ్గలు లోపలికి పోయేవి. "చావటం కంటే కాళ్ళు మండటం నయం" అని భరించిందట. 2011 తర్వాత ఆ మందు మార్చారు, 2019లో ఈ కొత్త మాత్ర వచ్చింది.

డాక్టర్లే లేని దేశం ఇన్ని లక్షల మందికి మందెలా ఇచ్చిందని మావారు అడిగారు. అందరికీ ఒకే రకం మాత్ర, ఒకే రకం అట్టకార్డు. కార్డు నింపేది నర్సో, క్లినికల్ ఆఫీసరో. అంతే. 2011లో ఇంకో పని చేశారు. గర్భిణికి మందు ఇవ్వాలా వద్దా అన్నది తేల్చడానికి అప్పట్లో రక్తకణాలు లెక్కపెట్టే యంత్రం కావాలి. పల్లెల్లో ఆ యంత్రాలు లేవు. అలాంటప్పుడు లెక్కపెట్టడమే మానేసి, హెచ్.ఐ.వి. ఉన్న ప్రతి గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ జీవితాంతం మందు ఇద్దాం అనుకున్నారు. ప్రపంచంలో ఏ దేశమూ అంతకుముందు అలా చెయ్యలేదు. మందు లేకపోతే నూటికి పదిహేను నుంచి నలభై అయిదు మంది బిడ్డలకి తల్లి నుంచి వైరస్ వస్తుంది, మందుతో అది అయిదు లోపుకి తగ్గుతుంది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మిగతా దేశాలకి కూడా ఇదే పద్ధతి సిఫారసు చేసింది. యంత్రం కొనలేని దేశం దగ్గర యంత్రాలున్న దేశాలు నేర్చుకున్నాయి. ఇప్పుడు మలావీలో హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళు సుమారు పది లక్షలు. వాళ్ళలో తొమ్మిది లక్షలకి పైగా మందు వేసుకుంటున్నారు. సగటు ఆయుర్దాయం అరవై అయిదు దాటింది. వడ్రంగులు మళ్ళీ మంచాలు చేస్తున్నారు, రోడ్డు మీద మేమే చూశాం.

మరుసటి రోజు చిన్నకూతురి వెంట క్లినిక్కుకి నడిచాం. ఆవిడకి అక్కడ చిన్న ఉద్యోగం ఉండేది. మందు తీసుకోవడానికి రానివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, ఎందుకు రాలేదో కనుక్కుని తీసుకురావడం. తను కూడా అదే మాత్ర వేసుకునే మనిషి కాబట్టి ఆవిడ మాట వింటారు. జీతం అమెరికా ప్రభుత్వ నిధుల నుంచి వచ్చేది. 2003లో అధ్యక్షుడు జార్జ్ బుష్ మొదలెట్టిన ఆ ఎయిడ్స్ నిధి కోట్లమంది ప్రాణాలు నిలబెట్టింది, కాదనలేం. 2025 జనవరి 20న కొత్త ప్రభుత్వం విదేశీ సాయమంతా ఒక్క సంతకంతో ఆపేసింది. ప్రాణాలు నిలిపే మందులకి తర్వాత మినహాయింపు ఇచ్చారు. మలావీలో మాత్రలు కొనేది చాలావరకు గ్లోబల్ ఫండ్ కాబట్టి సీసాలు ఆగలేదు. ఆగింది మనుషుల జీతాలు. మేం వెళ్ళిన క్లినిక్కులో కార్డులు సర్దే గుమాస్తా బల్ల ఖాళీగా ఉంది. కార్డులు అట్టపెట్టెల్లో తారీఖుల వరస తప్పి పడున్నాయి. ఉన్న ఒక్క నర్సు మధ్యాహ్నం దాకా తలెత్తలేదు.

ఫార్మసిస్టుగా నాకు భయం వేసేది ఇక్కడే. ఈ మందు రోజూ వేసుకుంటేనే పని చేస్తుంది. ఆపితే కొన్ని వారాల్లో వైరస్ మళ్ళీ లేస్తుంది, ఆ మనిషి నుంచి ఇంకొకరికి అంటగలదు, గర్భంలో బిడ్డకి వెళ్ళగలదు. ఇరవై ఏళ్ళు కట్టిన గోడలో ఎక్కడ ఇటుక జారిందో చెప్పేవాళ్ళే లేకపోతే, కూలాక గానీ తెలీదు. కొత్త మందులు రావడం లేదని కాదు. లెనకపావిర్ అని ఆరు నెలలకో ఇంజెక్షన్ వచ్చింది. జబ్బు రాకుండా కాపాడుతుంది. దాన్ని 2027 నుంచి పేద దేశాలకి ఏడాదికి సుమారు 40 డాలర్లకే ఇచ్చే ఒప్పందాలు మేం తిరిగొచ్చాక, 2025 సెప్టెంబరులో కుదిరాయి. తయారు చేసేవాళ్ళు డాక్టర్ రెడ్డీస్, హెటెరో. మళ్ళీ హైదరాబాదే! కానీ ఇంజెక్షన్ దానంతటది కొండెక్కి ఇంటికి నడిచిపోదు కదా.

జీతం ఆగినా చిన్నకూతురు తిరుగుతూనే ఉంది. ఆవిడ దగ్గర బడి నోటుపుస్తకం ఒకటుంది. రావలసిన రోజు దాటిపోయినవాళ్ళ జాబితా, మొత్తం ముప్పై ఎనిమిది. ఎవరి పేరూ ఉండదు, పుస్తకం ఎవరి చేతిలోనైనా పడితే కష్టమని. 'మామిడిచెట్టు ఇల్లు', 'సైకిళ్ళు బాగుచేసేవాడు', 'కవలల తల్లి' అని ఆవిడకి మాత్రమే తెలిసే గుర్తులు. మా అమ్మాయి రెండు రోజులు ఆవిడతో కొండదారులన్నీ తిరిగింది. ఇంటి దాకా వెళ్ళకుండా దారిలోనే ఆగి నిలబడేది, అలా అని ముందే ఒప్పందం. ఆవిడ బయటికొచ్చి తల ఊపితే గుర్తు పక్కన టిక్కు పెట్టడం మా అమ్మాయి పని.

మేం బయల్దేరే నాటికి ఇరవై మూడు టిక్కులు. మిగిలినవాళ్ళలో నలుగురు పని వెతుక్కుంటూ మొజాంబిక్ దాటారని తెలిసింది. 'కవలల తల్లి' ఇంటికి మూడుసార్లు వెళ్ళినా తాళమే. 'సైకిళ్ళు బాగుచేసేవాడు' పదిహేడేళ్ళ కుర్రాడు, పుట్టుకతో వచ్చింది, వాళ్ళ అమ్మమ్మ పోయాక థ్యోలో టీ తోటల వైపు వెళ్ళిపోయాడట. సోమవారం మినీబస్సెక్కి వెళ్ళి చూసొస్తానంది చిన్నకూతురు. బస్సు ఛార్జీకి మేమిచ్చిన డబ్బులో రానుపోను పక్కన పెట్టి, వాడికి తిరుగు టికెట్టు కోసం ఇంకొంత విడిగా మడిచి చితెంజే కొంగున ముడేసుకుంది.